టెలోమియర్లు పెంచే క్యాప్సూళ్లతో వయసు వెనక్కి వెళ్తుందా? మీ బాపుకు ముందు చేయించాల్సినవి వేరే ఉన్నాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బాపుకు 62 ఏళ్లు. గోదావరిఖనిలో బొగ్గు బాయిలో దిగి పనిచేసి రిటైర్ అయ్యారు. ఏడాది నుంచి నీరసం, నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తోంది. కరీంనగర్‌లో ఎవరో పెట్టిన మీటింగ్‌కు వెళ్తే రక్తం తీసుకుని టెలోమియర్ (క్రోమోజోముల కొసల దగ్గరుండే డీఎన్ఏ) పరీక్ష చేశారు, శరీరం వయసు 74 అని రిపోర్టు ఇచ్చారు. టెలోమియర్లను పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్‌ను పెంచే క్యాప్సూళ్లు ఆరు నెలలు వాడితే ఆ వయసు తగ్గుతుందన్నారు. దీనికి నోబెల్ కూడా వచ్చిందని చెప్పారు. కొనాలా అని అడిగారు. మీకు 30 ఏళ్లకే జుట్టు తెల్లబడింది కాబట్టి మీరూ ఆ పరీక్ష చేయించుకోవాలా అన్నది రెండో ప్రశ్న.

కొనకండి. టెలోమియర్లు నిజం, వాటికి నోబెల్ రావడం నిజం, కణాలు ముసలివి కావడంలో వాటి పాత్ర కూడా నిజం. కానీ ఆ రిపోర్టులో రాసిన 74 అనే అంకెకు అర్థం లేదు. ఆ క్యాప్సూళ్లు మనిషి వయసు తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. అన్నిటికంటే ముఖ్యం, బొగ్గు బాయిలో పనిచేసిన మనిషికి దమ్ము వస్తుంటే దాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకూడదు. ఆ విషయం కింద వివరంగా రాస్తాను.

నేను హన్మకొండలో రక్త వ్యాధులు చూసే డాక్టర్‌ని. ప్రాక్టీసులోకి రాకముందు కొన్నేళ్లు ల్యాబ్‌లో మనిషి చర్మ కణాలను పెంచే పని చేశాను. అందుకే ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మన ప్రతి కణంలో 46 క్రోమోజోములు, అంటే 92 కొసలు. ఒక్కో కొస దగ్గర టీటీఏజీజీజీ అనే ఆరు అక్షరాల డీఎన్ఏ ముక్క వందల, వేల సార్లు వరుసగా ఉంటుంది. అదే టెలోమియర్. పుట్టినప్పుడు దాని పొడవు సుమారు 10 వేల నుంచి 15 వేల అక్షరాలు. ప్రొటీన్ తయారు చేసే సమాచారం అందులో ఉండదు. మరి ఎందుకుందంటే, కణానికి విరిగిన డీఎన్ఏ అంటే ప్రాణభయం. ఎక్కడైనా తెగిన కొస కనిపిస్తే వెంటనే దాన్ని ఇంకో కొసకు అతికించేస్తుంది. 1938లో హెర్మన్ ముల్లర్ ఈగల మీద ఎక్స్‌రేలు వేసి చూసినప్పుడు, ఆ కాలంలోనే బార్బరా మెక్‌క్లింటాక్ మక్కల క్రోమోజోములు చూసినప్పుడు ఇద్దరికీ ఒకే సంగతి తెలిసింది. విరిగిన కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, సహజమైన కొసలు అతుక్కోవు. టెలోమియర్ అనే పేరు పెట్టింది ముల్లరే. సహజమైన కొస తెగిన కొసలా కనబడకుండా ఆరు రకాల ప్రొటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయని, కొస వెనక్కి మడుచుకుని ఉచ్చులా దాక్కుంటుందని చాలా తర్వాత తేలింది.

ఇక తరుగుదల. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏ మొత్తానికి నకలు తీయాలి. నకలు తీసే ఎంజైమ్ ఒక పోగు మీద చిట్టచివరి దాకా రాయలేదు, కొస దగ్గర కొంచెం మిగిలిపోతుంది. మన వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్లను అడగండి, పడుగు ఎంత పొడవున్నా చివరి మూర నేతకు అందదు, వదిలేయాల్సిందే. కణంలోనూ ప్రతి విభజనకూ దాదాపు 50 నుంచి 200 అక్షరాలు ఇలా పోతాయి. ఈ చిక్కును 1971లో మాస్కోలో అలెక్సీ ఓలోవ్నికోవ్, 1972లో జేమ్స్ వాట్సన్ ఎవరికి వారే గుర్తించారు. కణాలు ముసలివి కావడానికి ఇదే కారణం కావచ్చని ఊహించింది ఓలోవ్నికోవ్.

ఆయన ఊహకు పునాది 1961 నాటి ప్రయోగం. అంతకుముందు దాదాపు యాభై ఏళ్లపాటు కణాలకు చావు లేదని, సరిగ్గా మేపితే ఎన్నాళ్లయినా విభజన చెందుతాయని శాస్త్రవేత్తలు నమ్మారు. అలెక్సిస్ కారెల్ కోడిపిల్ల గుండె కణాలను దశాబ్దాల పాటు బతికించానని చెప్పడమే దానికి కారణం. ఫిలడెల్ఫియాలో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలను పెంచి చూస్తే 40 నుంచి 60 విభజనల తర్వాత అవి ఆగిపోయాయి. మధ్యలో గడ్డకట్టించి దాచి, తర్వాత బయటికి తీసి పెంచినా పాత లెక్క ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టాయి. అంటే కణం లెక్కపెడుతున్నది క్యాలెండర్‌ను కాదు, విభజనలను. కారెల్ ఫలితాన్ని ఆ తర్వాత ఎవరూ మళ్లీ రాబట్టలేకపోయారు.

ఇది నేను మైక్రోస్కోపు కింద చాలాసార్లు చూశాను. చిన్న వయసు ఫైబ్రోబ్లాస్టులు, అంటే నేను పెంచిన చర్మ కణాలు, సన్నగా, పొడుగ్గా, ఒకే దిక్కుకు బారులు తీరి ఉంటాయి. నాలుగైదు రోజుల్లో ఫ్లాస్కు నిండిపోతుంది. నెలలు గడిచేకొద్దీ నిండటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆఖరికి కణాలు వెడల్పుగా పరుచుకుపోతాయి, విభజన ఆగిపోతుంది. కానీ అవి చచ్చిపోవు. వాటిని పెంచే పోషక ద్రవం మారుస్తూ ఉంటే నెలల తరబడి అలాగే బతికుంటాయి. వీటినే వృద్ధ కణాలు అంటాం. టెలోమియర్ బాగా కురచైతే ఆ ప్రొటీన్ల రక్షణ చాలదు, కణం దాన్ని విరిగిన డీఎన్ఏగా లెక్కేస్తుంది, పి53 లాంటి కాపలా ప్రొటీన్లు విభజనకు బ్రేకు వేస్తాయి. అలా ఆగిన కణం ఊరకే కూర్చోదు, చుట్టుపక్కల వాపు పుట్టించే రసాయనాలను వదులుతుంది. వయసు మీద పడ్డాక ఇలాంటివి పేరుకుని పక్కనున్న మంచి కణాలను కూడా ఇబ్బంది పెడతాయి. ముసలితనంతో టెలోమియర్లకు ఉన్న అసలు సంబంధం ఇక్కడుంది.

టెలోమరేజ్ కథ ఇంకోవైపు నుంచి వచ్చింది. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ టెట్రాహైమీనా అనే చెరువు నీళ్లలో బతికే ఏకకణ జీవిని పట్టుకున్నారు. దానికి క్రోమోజోమ్ ముక్కలు వేల సంఖ్యలో ఉంటాయి, అంటే కొసలు కూడా అన్ని. కొసల మీద పరిశోధన చేసేవాళ్లకు అంతకంటే మంచి జీవి దొరకదు. ఆమె ల్యాబ్‌లో విద్యార్థిని క్యారల్ గ్రైడర్ 1984 క్రిస్మస్ రోజున కొసలకు అక్షరాలు చేర్చే ఎంజైమ్ జాడ చూశారు. అదే టెలోమరేజ్. తనలోనే ఒక ఆర్ఎన్ఏ ముక్కను అచ్చుగా పెట్టుకుని, దాన్ని చూసి టెలోమియర్‌ను రాసుకుంటూ పోతుంది. ఆ ఇద్దరికీ, ఈస్ట్ మీద పనిచేసిన జాక్ షోస్టాక్‌కీ కలిపి 2009లో నోబెల్ ఇచ్చారు. మీటింగ్‌లో మీకు చెప్పిన నోబెల్ ఇదే. అది కొసల రక్షణ ఎలా జరుగుతుందో కనుక్కున్నందుకు ఇచ్చిన బహుమతి. ఏ క్యాప్సూల్‌కూ దానితో సంబంధం లేదు.

1998లో మామూలు మనిషి కణాల్లోకి టెలోమరేజ్ జన్యువును ఎక్కిస్తే అవి ఆగాల్సిన చోట ఆగకుండా విభజన చెందుతూనే పోయాయి. అప్పటి నుంచి "అమరత్వం దొరికింది" అనే ప్రచారం మొదలైంది. ఫ్లాస్కులో కణం సంగతి వేరు, మనిషి సంగతి వేరు. ఇక్కడే అందరూ దాటేసే ప్రశ్న ఒకటుంది. ఇంత మేలు చేసే ఎంజైమ్‌ను మన శరీరం చాలా కణాల్లో పుట్టకముందే ఎందుకు ఆపేసింది?

వీర్యం తయారయ్యే చోట అది బాగా పనిచేస్తుంది, లేకపోతే తరతరానికీ మన టెలోమియర్లు కురచైపోయేవి. ఎముక మజ్జలోని మూలకణాల్లో, పేగు పొరలో, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడుతున్న తెల్లరక్త కణాల్లో కొద్దికొద్దిగా పనిచేస్తుంది. మిగతా చోట్ల దాదాపు మూసేసి ఉంటుంది. మనిషి లాంటి పెద్ద శరీరం, ఎక్కువ కాలం బతికే జీవి, కోట్ల కోట్ల కణాలు. వాటిలో ఏదో ఒకటి దారితప్పి అదుపు లేకుండా పెరగడం మొదలుపెడితే, కొన్ని పదుల విభజనల తర్వాత దాని టెలోమియర్లు అయిపోయి ఆగిపోతుంది. అంటే టెలోమియర్ తరుగుదల మనకు క్యాన్సర్ నుంచి ఒక కాపలా. ఆ కాపలా దాటాలంటే క్యాన్సర్ కణం ఏం చేస్తుంది? టెలోమరేజ్‌ను తిరిగి తెరుస్తుంది. మనిషి క్యాన్సర్లలో నూటికి 85 నుంచి 90 వరకు టెలోమరేజ్ పనిచేస్తూ కనిపిస్తుంది. మిగతావాటిలో ఎక్కువ భాగం వేరే దొంగదారి వెతుక్కుంటాయి. 1951లో ఒక మహిళ క్యాన్సర్ గడ్డ నుంచి తీసిన హీలా కణాలు ఈనాటికీ ల్యాబుల్లో పెరుగుతున్నాయంటే దాని వెనక టెలోమరేజ్ ఉంది.

మా విభాగంలో ఇది పుస్తకాల సంగతి కాదు. ఎమ్‌డీఎస్ అనే ఎముక మజ్జ జబ్బుకు 2024లో అమెరికాలో ఇమెటెల్‌స్టాట్ అనే మందుకు అనుమతి వచ్చింది. ఆ మందు చేసే పని టెలోమరేజ్‌ను అడ్డుకోవడం. ఒకవైపు మేము జబ్బు కణాల్లో టెలోమరేజ్‌ను ఆపే మందు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తే, ఇంకోవైపు దాన్ని పెంచే క్యాప్సూల్ అని హోటల్ హాల్లో అమ్ముతున్నారు.

అందుకే ఆ క్యాప్సూల్ గురించి నేను ఇలా ఆలోచిస్తాను. చాలావాటిలో ఉండేది ఆస్ట్రాగలస్ అనే మొక్క వేరు నుంచి తీసిన పదార్థం. అది శరీరంలో టెలోమరేజ్‌ను పెద్దగా కదిలించకపోతే మీ డబ్బు దండగ. నిజంగానే గట్టిగా కదిలిస్తే, 62 ఏళ్ల మనిషిలో, అందులోనూ దుమ్ములో పనిచేసిన ఊపిరితిత్తుల్లో ఏ కణం దాన్ని అందుకుంటుందో చెప్పే హామీ ఎవరి దగ్గరా లేదు. రెండింటిలో ఏది నిజమైనా మీ బాపు దాన్ని మింగకపోవడమే మంచిది. పుట్టుకతోనే టెలోమియర్లు మరీ పొడవుగా ఉండే కుటుంబాలు కూడా ఉన్నాయి. పీఓటీ1 అనే జన్యువులో లోపం వల్ల అలా జరుగుతుంది. వాళ్లకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్, కొన్ని రకాల రక్త క్యాన్సర్లు ఎక్కువ. పొడవుంటే ఆయుష్షు అనే లెక్క అంత సూటిగా నడవదు.

ఇంకో సాక్ష్యం ఎలుక. ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మనవాటికంటే ఎన్నో రెట్లు పొడవు. అది బతికేది రెండు మూడేళ్లు. మన మెదడు కణాలు, గుండె కండరం దాదాపు విభజన చెందవు, కాబట్టి విభజన వల్ల వచ్చే తరుగుదల వాటికి పెద్దగా లేదు. అయినా ముసలివవుతాయి. 2023లో శాస్త్రవేత్తలు ముసలితనం లక్షణాలను 12గా లెక్కగట్టారు, టెలోమియర్లు అందులో ఒకటి మాత్రమే. 2010లో టెలోమరేజ్ తిరిగి తెరిచి ముసలి ఎలుకలను పడుచువి చేశారని మీకు వీడియో చూపించి ఉంటారు. ఆ ఎలుకలు టెలోమరేజ్ లేకుండా పుట్టించినవి, లేనిదాన్ని తిరిగి ఇస్తే కోలుకున్నాయి. మామూలు మనిషికి దాన్ని అన్వయించలేం.

ఆ 74 అంకె సంగతి. రక్తంలో కొలిచేది తెల్లరక్త కణాల సగటు టెలోమియర్ పొడవు. పెద్దవాళ్లలో అది ఏడాదికి ఇరవై నుంచి నలభై అక్షరాల వరకు తగ్గుతుంది, అంటే ఉన్న పొడవులో అర శాతం చుట్టుపక్కల. మామూలు ల్యాబుల్లో వాడే పీసీఆర్ పద్ధతిలో ఒకే రక్తాన్ని రెండుసార్లు కొలిస్తే వచ్చే తేడానే అంతకంటే ఎక్కువ. పైగా ఒకే వయసు ఆరోగ్యవంతులు ఇద్దరిని తీసుకుంటే వేల అక్షరాల తేడా ఉండొచ్చు, పుట్టుకతోనే అలా పుడతారు. ఆడవాళ్లవి సగటున మగవాళ్లకంటే పొడవు. మొన్న జ్వరం వచ్చి రక్తంలో కణాల రకాలు మారితే సగటూ మారుతుంది. ఇన్ని ఊగిసలాటల మధ్య ఒక మనిషికి "మీ వయసు 74" అని చెప్పడం సైన్స్ కాదు. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసి 68 అని చూపిస్తే దాన్నీ నమ్మొద్దు.

టెలోమియర్ పరీక్ష ఎప్పటికీ పనికిరాదని నా ఉద్దేశం కాదు. అది ప్రాణం నిలిపే సందర్భాలు ఉన్నాయి, అవి చాలామంది డాక్టర్లకు కూడా తట్టవు.

ములుగు వైపు నుంచి ఇరవై దాటిన ఒక అబ్బాయి ప్లేట్‌లెట్లు తగ్గాయని నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు డెంగీ అనుకుని, తర్వాత వేరే జబ్బు అనుకుని స్టెరాయిడ్లు కూడా వాడారు. ఎముక మజ్జ పరీక్షలో కణాలు బాగా తక్కువ, అంటే అప్లాస్టిక్ అనీమియా. చేతులు చూస్తే గోళ్లు గీతలు పడి, చీలి, సగం అరిగిపోయి ఉన్నాయి. మెడ మీద వల అల్లినట్టు నల్ల మచ్చలు. నాలుక మీద తెల్లటి పొర. జుట్టు పదో తరగతిలోనే తెల్లబడిందని వాళ్లమ్మ చెప్పింది. ఇంట్లో వాళ్ల గురించి అడిగితే, మేనమామ నలభైల్లోనే ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయాడని తెలిసింది. బీడీ ముట్టని మనిషి. ఈ ముక్కలన్నీ కలిపితే ఒకటే పేరు వస్తుంది, డిస్కెరటోసిస్ కంజెనిటా. టెలోమరేజ్‌ను నడిపే జన్యువుల్లో లోపంతో టెలోమియర్లు పుట్టుకతోనే కురచగా ఉండే జబ్బుల కుటుంబంలో ఇదొకటి. కణానికి కణం విడిగా కొలిచే ఫ్లో-ఫిష్ అనే పరీక్షలో అతని వయసు వాళ్లలో అట్టడుగున ఒక శాతం లోపు వచ్చింది.

ఆ ఫలితం చికిత్సనే మార్చేసింది. మామూలు అప్లాస్టిక్ అనీమియాకు ఇచ్చే రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇలాంటివాళ్లకు సాధారణంగా పనిచేయవు. ఎముక మజ్జ మార్పిడి చేయాలంటే ముందిచ్చే కీమో మోతాదు తగ్గించాలి, లేకపోతే ఊపిరితిత్తులు, కాలేయం తట్టుకోవు. ఇంకా ముఖ్యం, మజ్జ ఇవ్వడానికి ముందుకొచ్చిన తమ్ముడికి అదే జన్యు లోపం లేదని తేల్చుకోవాలి. పైకి ఆరోగ్యంగా కనిపించే తమ్ముడి మజ్జలోనూ అదే లోపం ఉండొచ్చు. కొన్ని కుటుంబాల్లో తరం మారేకొద్దీ టెలోమియర్లు ఇంకా కురచై జబ్బు ముందుగానే వస్తుంది. తాతకు అరవైల్లో ఊపిరితిత్తుల జబ్బు, తండ్రికి నలభైల్లో రక్తం తగ్గడం, మనవడికి చిన్నప్పుడే మజ్జ ఎండిపోవడం. డానజాల్ అనే పాత హార్మోన్ మందు ఇలాంటి రోగుల్లో చాలామందికి టెలోమియర్ల తరుగుదలను ఆపడమే కాక పొడవు కూడా పెంచిందని 2016లో ఒక అధ్యయనం చూపించింది. కానీ అది లివర్‌ను దెబ్బతీయగలదు, నిపుణుల చేతిలో మాత్రమే వాడాల్సిన మందు. దాన్ని వయసు తగ్గించుకోవడానికి ఎవరూ వాడొద్దు.

ఇప్పుడు మీ బాపు దగ్గరికి వస్తాను. ఏళ్ల తరబడి బాయిలో దిగిన మనిషికి దమ్ము అంటే నా బుర్రలోకి వచ్చే వరుస ఇది. బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. బీడీ తాగితే సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఊపిరి ఆడని జబ్బు. రాతి దుమ్ము పీల్చినవాళ్లకు టీబీ కూడా ఎక్కువ. గుండె సమస్య. రక్తం తక్కువ కావడం. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్. వీటిలో దేన్నీ టెలోమియర్ రిపోర్టు చెప్పదు. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎక్స్‌రే, మిషన్‌లో ఊదే పీఎఫ్‌టీ పరీక్ష చేయించండి, దగ్గు ఉంటే తెమడ పరీక్ష కూడా. వీటితో పాటు సీబీపీ, షుగర్, థైరాయిడ్, ఈసీజీ. అవసరమైతే వాళ్లే హెచ్ఆర్‌సీటీ అనే ఊపిరితిత్తుల సీటీ స్కాన్, గుండె ఎకో రాస్తారు. తెమడ పరీక్ష, టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. వెళ్లేటప్పుడు ఏ బాయిలో ఎన్నేళ్లు, ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. డ్రిల్లింగ్ చేసినవాళ్లకూ, పైన పనిచేసినవాళ్లకూ పీల్చిన దుమ్ము ఒకటి కాదు. చేతివేళ్ల చివర్లు ఉబ్బి గోరు గుండ్రంగా వంగి ఉంటే అది కూడా చూపించండి. ఏ పరీక్షకూ ఆరు నెలలు ఆగొద్దు, ముఖ్యంగా బరువు తగ్గుతున్నా, తెమడలో రక్తం పడుతున్నా.

బీడీ ఉంటే ఈ రోజే మాన్పించండి. పొగ తాగేవాళ్లలో టెలోమియర్లు కురచగా ఉంటాయని చాలా అధ్యయనాల్లో కనిపించింది. నడక, నిద్ర, బరువు అదుపులో ఉండటం మంచి వైపుకే కనిపిస్తాయి. దీర్ఘకాలం టెన్షన్ చెడు వైపు. జబ్బు పిల్లలను చూసుకునే తల్లుల మీద 2004లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఎక్కువ ఒత్తిడి పడుతున్నామన్న తల్లుల టెలోమియర్లు ఎక్కువ కురచగా కనిపించాయి. అయితే అందులో ఉన్నది 58 మందే, పైగా రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని తేలిపోదు. బీడీ మానడం వల్ల ఊపిరితిత్తులకు, గుండెకు వచ్చే లాభం మాత్రం ఏ టెలోమియర్ లెక్కా లేకుండానే రుజువైంది.

ఇక మీ జుట్టు. 30 ఏళ్లకు తెల్లబడటం మన దగ్గర చాలా సాధారణం. ఎక్కువమందిలో అది వంశపారంపర్యం, కొందరిలో బీ12 తగ్గడం, థైరాయిడ్. ఒక్క తెల్లజుట్టు చూసి టెలోమియర్ పరీక్షకు పరుగెత్తక్కర్లేదు. ఒక సీబీపీ, బీ12, థైరాయిడ్ చేయించుకోండి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు మామూలుగా ఉండి, గోళ్లు బాగుండి, ఇంట్లో ఎవరికీ చిన్న వయసులో మజ్జ, లివర్, ఊపిరితిత్తుల జబ్బు లేకపోతే మీకు ఆ పరీక్షతో పని లేదు. కానీ మీ బాపు సీటీ రిపోర్టులో ఫైబ్రోసిస్ అని వస్తే, దుమ్ము పని ఉంది కదా అని అక్కడితో వదిలేయకుండా మీ తెల్లజుట్టు సంగతి, బాబాయిలకు, అత్తలకు ఉన్న జబ్బుల సంగతి ఆ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అప్పుడు టెలోమియర్ పరీక్ష అడగాల్సింది ఆయనే, పంపాల్సింది ఫ్లో-ఫిష్ చేసే ల్యాబుకు. రిపోర్టులు వచ్చాక పేరు, ఫోన్ నంబర్ కనబడకుండా చేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.